పచ్చిగా తినడానికి ఏ ఆకు మేలు: గంగపాయలా, పులిచింతా, పొన్నగంటా?

నాలుగు చినుకులు పడితే చాలు, నెల్లూరు పెరళ్లలోనూ ఒంగోలు చుట్టుపక్కల మెట్ట చేలలోనూ ఎవరూ విత్తని ఆకుకూరలు మొలుస్తాయి. పప్పులో వేసుకోవడం అందరూ చేసేదే. వండకుండా సలాడ్‌లా తినాలంటే మాత్రం అన్నీ ఒకటి కావు.

నేనైతే గంగపాయలాకుకే ఓటేస్తాను. ఆకు మందంగా, రసంతో ఉంటుంది. కొరికితే కరకరమంటుంది, పులుపు, కొంచెం జిగురు తగులుతాయి. ఆకుకూరల్లో అరుదుగా దొరికే ఒమేగా-3 కొవ్వు ఇందులో బాగానే ఉంది. లెబనాన్‌లో ఫత్తూష్ అనే సలాడ్‌లో దీన్ని పచ్చిగానే వేస్తారు, టర్కీలో పెరుగులో కలుపుకుని తింటారు. మనమేమో పీకి గట్టు మీద పారేస్తున్నాం, అదే నా బాధ. ఎండకు నేల ఆరినప్పుడు ఈ మొక్క రాత్రిపూట మాలిక్ ఆమ్లాన్ని కూడబెట్టుకుంటుంది. అందుకే తెల్లవారి కోస్తే పులుపెక్కువ, సాయంత్రం కోస్తే తక్కువ. పిల్లలకు పెట్టాలంటే సాయంత్రం కోయండి.

కోసేముందు కాడ తుంచి చూడండి. పాలు కారితే అది నానబాలు జాతి మొక్క, తినకూడదు. గలిజేరు కూడా నేల మీద ఇలాగే పాకుతుంది కానీ దాని పూలు తెల్లగానో లేత గులాబీగానో ఉంటాయి, గంగపాయల పూలు పసుపు. గలిజేరు వండుకోవడానికే.

పులిచింత మూడేసి ఆకులతో, చిన్న పసుపు పూలతో కుండీల్లో కూడా వస్తుంది. రుచికి చాలా బాగుంటుంది, కానీ ఆ పులుపంతా ఆక్సాలిక్ ఆమ్లానిది, అది ఎక్కువైతే కిడ్నీలో రాళ్లకు దారితీయొచ్చు. గిన్నెడు తినే ఆకు కాదు, నిమ్మరసానికి బదులు చిటికెడు చల్లుకోవాలి.

పొన్నగంటి వేపుడుకి, పప్పుకి తిరుగులేదు. పచ్చిగా మాత్రం వద్దు. పెన్నా కాలువల పక్కన, పశువులు దిగే తడి నేలల్లో పెరుగుతుంది. అలాంటి చోట్ల ఆకులకు కాలేయపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి పురుగు) పిల్లలు అంటుకుని ఉండొచ్చు, కడిగినంత మాత్రాన పోవు. వండితే ఆ భయం ఉండదు.

ఏ ఆకైనా టంగుటూరు వైపు పొగాకు చేలల్లోనో, మిరప తోటల్లోనో మందు కొట్టిన చోట కోయొద్దు. గంగపాయల కాడ ఒకటి తెచ్చి కుండీలో గుచ్చితే నాటుకుంటుంది, ఆ టెన్షనే ఉండదు. మట్టి బాగా పట్టి ఉంటుంది కాబట్టి మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి.

కలపడానికి మన శ్రీరామనవమి వడపప్పే సరైన జోడీ. నానిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు, పచ్చికొబ్బరి, గుప్పెడు గంగపాయలాకు, పైన నాలుగు పులిచింత ఆకులు. ఉప్పు తినేముందే వేయండి, లేకపోతే నీరు కారి ఆకు మెత్తబడుతుంది. పక్కన కమ్మటి పెరుగు ఉంటే మరీ మంచిది, గంగపాయలలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఉంది, పెరుగులోని కాల్షియం దాన్ని కొంత పట్టేస్తుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం ఈ రెండు ఆకులూ మానేసి, అదే వడపప్పులో దోసకాయ, కొత్తిమీర వేసుకోవాలి.