బ్రిడ్జ్‌లో జేబీ, నెక్‌లో ఫిఫ్టీనైన్: ఈ జత ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

గిటార్ సౌండ్ నచ్చట్లేదు అనగానే పికప్స్ (తీగల కదలికని ఆంప్‌కి వెళ్లే సిగ్నల్‌గా మార్చే భాగాలు) మార్చెయ్ అని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఏవి పెట్టాలి అని అడిగితే మాత్రం వార్మ్‌గా ఉంటుంది, పంచీగా ఉంటుంది అంటారు, ఆ మాటలు పట్టుకుని పికప్ కొంటే ఏదో ఒకటి వస్తుంది, మనకి కావాల్సింది రావాలని లేదు. అందుకే కావాల్సింది ముందే తేల్చుకున్నా. బ్రిడ్జ్‌లో (తీగలు బిగించిన వైపు ఉండే పికప్‌లో) లీడ్ వాయిస్తే బ్యాండ్ మొత్తం మోగుతున్నా ఒక్కో నోట్ విడిగా వినపడాలి, నెక్‌లో (గిటార్ మెడ వైపు పికప్‌లో) క్లీన్‌గా, అంటే డిస్టార్షన్ లేకుండా, కార్డ్ కొడితే మందపు తీగలు రెండూ కలిసిపోయి గుమ్మనకూడదు. గిటార్‌తో వచ్చిన పికప్స్‌లో ఈ రెండూ లేవు. అలా సీమోర్ డంకన్ కంపెనీ మోడళ్లు జేబీని బ్రిడ్జ్‌లో, ఫిఫ్టీనైన్‌ని నెక్‌లో పెట్టించా. గిటార్ మహాగని బాడీ, పికప్స్ రెండూ హంబకర్లే (రెండేసి కాయిల్స్ ఉన్నవి), పాట్స్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే రెసిస్టర్లు) 500 కిలో ఓమ్‌లవి. వేరే గిటార్‌లో ఇదే జత కొంచెం వేరేగా మోగుతుంది, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు నంబర్ల సంగతి, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. జేబీ రెసిస్టెన్స్ 16 కిలో ఓమ్‌ల పైన ఉంటుంది, ఫిఫ్టీనైన్‌ది దాదాపు అందులో సగం. అంటే జేబీ రెట్టింపు లౌడ్ అనుకుంటారు, కాదు. కాయిల్ చుట్టిన తీగ సన్నగా ఉంటే చుట్లు అన్నే ఉన్నా రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాబట్టి ఆ అంకెతో అవుట్‌పుట్‌ని కొలవలేం. ఒకే తీగ, ఒకే డిజైన్ ఉన్న రెండు పికప్స్‌ని పోల్చడానికైతే కాస్త పనికొస్తుంది, అంతే. మాగ్నెట్ సంగతీ అలాంటిదే. ఈ రెండిట్లోనూ ఉన్నది ఆల్నికో 5 అనే రకం మాగ్నెటే, అయినా ఒకటి మిడ్స్‌ని (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య శబ్దాలని) ముందుకు తోస్తుంది, ఇంకోటి మిడ్స్ తగ్గించి పైనా కిందా తెరుస్తుంది. ఆల్నికో 5 అంటే ఇలా, సిరామిక్ అంటే అలా అని ఒక్క ముక్కలో తేల్చేసే రివ్యూలని నేను చదవడం మానేశా.

ఇప్పుడు సౌండ్. జేబీలో ఎగువ మిడ్స్ బాగా ఉంటాయి, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మధ్యస్థంగా పెట్టి రెండో తీగ మీద పన్నెండో ఫ్రెట్ దాటాక బెండ్ చేస్తే నోట్ సన్నబడకుండా పాడుతున్నట్టు నిలబడుతుంది, నాకు కావాల్సింది సరిగ్గా అదే. పించ్ హార్మోనిక్స్ (పిక్‌తో పాటు బొటనవేలు తగిలించి తీసే కీచు నోట్లు) కూడా పెద్దగా కష్టపడకుండానే వచ్చేస్తాయి. లో-ఈ తీగ (అన్నిటికన్నా మందంది) మీద పామ్ మ్యూట్ చేస్తూ, అంటే అరచేతి అంచుతో తీగని కాస్త నొక్కి పెట్టి, వేగంగా రిఫ్ వాయించేవాళ్లకి మాత్రం బేస్ కాస్త వదులుగా అనిపిస్తుంది. మీది మొత్తం మెటలే అయితే ఇది కాకుండా సిరామిక్ మాగ్నెట్ ఉన్నదేదైనా చూడండి. బ్రిడ్జ్‌లో మెరిసే క్లీన్ కావాలన్నా ఇది కాదు, వాల్యూమ్ ఆరేడుకి తగ్గిస్తే పరవాలేదు.

ఫిఫ్టీనైన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, చెప్పిన పని చేస్తుంది. నెక్‌లో కార్డ్ కొడితే ఆరు తీగలూ విడివిడిగా వినపడతాయి. రెండూ కలిపిన మధ్య పొజిషన్ ఈ జతలో నాకు ఊహించనంత నచ్చింది, రిథమ్ అంతా దాదాపు అక్కడే వాయిస్తున్నా.

పికప్ మారిస్తే అయిపోయింది అనుకోకండి. జేబీ కొన్ని గిటార్లలో, ముఖ్యంగా ఆల్డర్ బాడీ, మేపుల్ నెక్ ఉన్నవాటిలో, చెవికి గుచ్చుకుంటుందని చాలామంది అంటారు. అలా అనిపిస్తే వెంటనే పికప్ పీకెయ్యకుండా పాట్ చూడండి. 250 కిలో ఓమ్‌ల పాట్ పెడితే హై ఎండ్‌లో గుచ్చుకునే ఆ పదును మెత్తబడుతుంది. పాట్ కొనే ముందే పరీక్షించాలంటే వాల్యూమ్ పాట్‌కి ఉన్న రెండు చివరి కాళ్ల మధ్య 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సోల్డర్ చేస్తే చాలు, రెండూ కలిసి దాదాపు 240కి దిగుతాయి. నచ్చకపోతే కట్ చేసి తీసెయ్యొచ్చు.

ఎత్తు ఇంకా ముఖ్యం, పైగా ఖర్చు లేని పని. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగకీ పోల్ పీస్‌కీ (పికప్ మీద తీగ కింద కనపడే లోహపు స్క్రూ లేదా బొడిపె) మధ్య 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. నెక్ పికప్ బేస్ వైపు ఇంకాస్త దించితే నెక్‌లో గుమ్మనడం చాలావరకు పోతుంది. నిజానికి పాత పికప్స్‌ని కూడా మార్చే ముందు ఇలా ఒకసారి దించి, కొత్త తీగలు వేసి వినాలి, కొందరికి అక్కడితోనే తీరిపోతుంది.

వైరింగ్‌లో ఒక చిక్కుంది. నాలుగు వైర్లు ఉన్న హంబకర్లలో ఏ రంగు దేనికన్నది కంపెనీని బట్టి మారుతుంది. డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ బయటికి వెళ్లే వైర్), ఎరుపూ తెలుపూ కలిపి ముడెయ్యాలి, ఆకుపచ్చా బేర్ వైరూ (పైన తొడుగు లేనిది) గ్రౌండ్‌కి. డిమార్జియో అనే ఇంకో కంపెనీలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలపాలి, ఆకుపచ్చా బేర్ వైరూ మళ్లీ గ్రౌండ్‌కే. ఒక్కో కంపెనీది ఒక్కోటి కలిపి పెడుతుంటే రెండిటి డయాగ్రమ్‌లూ ముందు పెట్టుకోండి. అన్నీ బిగించాక మధ్య పొజిషన్‌లో సౌండ్ పీలగా, బేస్ లేకుండా వస్తే ఫేజ్ తిరగబడినట్టే, అంటే రెండు పికప్స్ సిగ్నల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టే. ఒక పికప్‌కి హాట్‌నీ ఆకుపచ్చనీ మార్చి సోల్డర్ చేస్తే సరిపోతుంది, బేర్ వైర్ మాత్రం గ్రౌండ్ మీదే ఉండాలి.

హార్డ్ రాక్, బ్లూస్, కాస్త ఫ్యూజన్, ఒకే గిటార్‌తో అన్నీ వాయించేవాళ్లకి ఈ జత గట్టిగా చెప్తా. జాజ్ క్లీన్ మాత్రమే వాయించేవాళ్లు ఫిఫ్టీనైన్ ఒక్కటి నెక్‌లో పెట్టుకుని బ్రిడ్జ్‌ని అలాగే వదిలేయొచ్చు.