ఆడవాళ్ల కెరీర్ మెంటార్‌షిప్ మెంబర్‌షిప్: ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందే రేటింగ్ చెప్పేస్తా. మొత్తం మీద ఐదుకి మూడున్నర. విడివిడిగా అయితే మెంటార్ కాల్స్‌కి నాలుగున్నర, శనివారం మీటప్‌లకి మూడు, కాన్ఫిడెన్స్ వీడియోలకి ఒకటి, అది కూడా మొహమాటానికి. సంస్థ పేరు రాయడం లేదు. చిన్న సంస్థ, నడిపేవాళ్లు మంచివాళ్లే, పైగా ఇలాంటివి హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇప్పుడు చాలానే వచ్చాయి, అన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తున్నాయి కాబట్టి మీరు దేంట్లో చేరాలనుకుంటున్నా ఇది పనికొస్తుంది.

ఇచ్చేది ఇదీ: ఆరు నెలల మెంబర్‌షిప్, నెలకి రెండు సార్లు మెంటార్‌తో (అంటే దారి చూపే సీనియర్‌తో) కాల్, నెలకో శనివారం మీటప్, ఒక వాట్సాప్ గ్రూపు, బోలెడు వీడియోలు. ఫీజు పదిహేను వేల పైచిలుకు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీ సంగతి డబ్బు కట్టే పేజీ దాకా వెళ్తేగానీ కనిపించదు, అది నాకు నచ్చలేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో టీమ్ లీడ్‌ని. రేటింగులు బాగానే వస్తాయి, హైక్ కూడా పర్లేదు, మేనేజర్ బ్యాండ్ (గ్రేడ్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వచ్చే సైకిల్ (రేటింగులు, ప్రమోషన్లు తేల్చే విడత) చూద్దాం" అంటారు. ఇది నా ఒక్కదాని గొడవ కాదు. మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ, లీన్ ఇన్ అనే ఆడవాళ్ల సంస్థ కలిసి ఏటా వేసే రిపోర్టులో 2024 లెక్క ప్రకారం అమెరికా కంపెనీల్లో మొదటిసారి మేనేజర్ అయ్యే మెట్టు దగ్గర 100 మంది మగవాళ్లకి ప్రమోషన్ వస్తే ఆడవాళ్లు 81 మందికే వచ్చింది. పైన ఎక్కడో అద్దాల మేడలో కాదు, కింద మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారన్నమాట. అది అక్కడి లెక్క, మన హైటెక్ సిటీ లెక్క కాదు, కానీ మా ఫ్లోర్‌లో లీడ్‌లు ఎంతమంది ఆడవాళ్లు, మేనేజర్లు ఎంతమంది అని చూస్తే పెద్ద తేడా ఉంటుందని నేననుకోను.

ఇక మెంటార్ కాల్స్. చేరినప్పుడు ఒక ఫారం నింపమంటారు. అందులో అందరూ అడిగే ఐదేళ్ల గోల్ లాంటి ప్రశ్నలున్నా ఒక్కటి మాత్రం భలే ఉంది: ఆఫీసులో మీరు ఎవరితో ఏ మాట మాట్లాడకుండా వాయిదా వేస్తున్నారు? నేను ప్రమోషన్ గురించి మేనేజర్‌తో అని రాశా. దాన్ని చూసే నాకు మెంటార్‌ని ఇచ్చారనుకుంటా, ఎందుకంటే ఆవిడ వేరే కంపెనీలో డైరెక్టర్, ఏటా ప్రమోషన్ లిస్టులు తేల్చే గదిలో కూర్చునే మనిషి.

మొదటి కాల్‌లోనే నా సెల్ఫ్ అప్రైజల్ పంపమన్నారు. చదివి, "రిలీజ్ టైమ్‌కి వెళ్లింది, డిఫెక్టులు తగ్గాయి, టీమ్ బాగా పనిచేసింది... అన్నీ ఉన్నాయమ్మా, ఇందులో నువ్వెక్కడ ఉన్నావ్?" అన్నారు. తర్వాత ఆ గది లోపల ఏం జరుగుతుందో వివరంగా చెప్పారు. ఏ వీడియోలోనూ దొరకని సరుకు ఇదే. మేనేజర్లందరూ కూర్చుంటారు, ఖాళీలు ఇన్నే అని హెచ్‌ఆర్ ముందే చెప్పేస్తుంది, ఒక్కో పేరుకి కొద్ది నిమిషాలు. నీ మేనేజర్ నీ పేరు చెప్తాడు సరే, అక్కడ కూర్చున్న మిగతావాళ్లలో కనీసం ఒకరు "అవును, ఆ అమ్మాయి పని నేనూ చూశా" అనకపోతే ఆ పేరు కిందికి జారిపోతుంది. ఎవరి గురించీ చెడుగా మాట్లాడక్కర్లేదు, ఎవరూ మాట్లాడకపోతే చాలు.

అక్కడే నాకు మెంటార్‌కీ స్పాన్సర్‌కీ తేడా తెలిసింది. మెంటార్ మనతో మాట్లాడుతుంది, స్పాన్సర్ మనం లేని చోట మన గురించి మాట్లాడతాడు. హెర్మీనియా ఇబర్రా అనే ప్రొఫెసర్, ఇంకో ఇద్దరు కలిసి 2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఇదే రాశారు: పైకొస్తారని గుర్తించిన ఆడవాళ్లకి సలహాలు చెప్పే మెంటార్లకి కొదవ లేదు, అయినా ప్రమోషన్లు మగవాళ్లకే ఎక్కువ, ఎందుకంటే తమ పలుకుబడి వాడి ముందుకు తోసే పెద్దలు వాళ్లకే ఎక్కువ దొరుకుతున్నారు అని. అంటే నేను పదిహేను వేలు పోసి కొన్నది మెంటార్‌నే. స్పాన్సర్ డబ్బుకి దొరకడు, మన కంపెనీలోనే, మన పని కళ్లతో చూసిన మనిషే అవ్వాలి. ఈ ముక్క ప్రోగ్రామ్ వాళ్లు తమ పేజీలో ఎక్కడా రాయరు, "మీ కెరీర్ మలుపు తిరుగుతుంది" అని మాత్రం పెద్ద అక్షరాల్లో రాస్తారు.

నా మెంటార్ మాత్రం దాచలేదు. ఆ గదిలో ఎవరెవరు కూర్చుంటారో పేర్లు రాయమన్నారు. వాళ్లలో నీ పని తెలిసినవాళ్లెవరు? ఒక్క నా మేనేజర్. అయితే ఇంకో టీమ్‌తో కలిసి చేసే పని ఒకటి అడిగి తీసుకో అన్నారు, అలాగే ఏది వదిలేయాలో కూడా చెప్పారు. వదిలేయాల్సిన లిస్టు నాకు కాస్త కష్టంగానే అనిపించింది. బతుకమ్మకి పూలు తెప్పించడం, సంక్రాంతి ముగ్గుల పోటీ, ఎవరి బర్త్‌డే అయినా కేకు, కొత్తగా చేరినవాళ్లకి ఊరంతా తిప్పి చూపించినట్టు అన్ని టూల్స్ చూపించడం, మీటింగ్ నోట్స్ రాయడం. ఇవన్నీ మా ఫ్లోర్‌లో ఎవరు చేస్తారో చెప్పక్కర్లేదు. లిండా బాబ్‌కాక్, ఇంకా కొందరు అర్థశాస్త్రవేత్తలు దీని మీదే 2017లో ఒక పేపర్ అచ్చువేశారు. ఆడా మగా కలిసిన గ్రూపుల్లో ఇలాంటి లెక్కలోకి రాని పనులకి ఆడవాళ్లే ఎక్కువగా చెయ్యెత్తుతున్నారట. గ్రూపు మొత్తం మగవాళ్లే అయితే మాత్రం వాళ్లలోంచే ఎవరో ఒకరు చక్కగా ముందుకొస్తున్నారట! అంటే చేతకాక కాదు, మనం ఉన్నాం కదా అని. ఈసారి ముగ్గుల పోటీ బాధ్యత మా టీమ్‌లో ఒకబ్బాయికి అప్పజెప్పా, బాగానే చేశాడు, రంగులు కాస్త ఎక్కువ కొన్నాడంతే.

జీతం మాట్లాడే రిహార్సల్ కూడా చేయించారు. ఆవిడ మేనేజర్‌లా, నేను నాలా. "బడ్జెట్ లేదు" అనగానే నేను సరేనండి అనేశా, ఆవిడ నవ్వి మళ్లీ మొదటి నుంచి అన్నారు. వచ్చే సైకిల్ అంటే ఆ సైకిల్‌కి ఏమేం చూపించాలో అడగాలి, అడిగినదాన్ని అదే సాయంత్రం మెయిల్‌లో రాసి పంపాలి. అంతే కిటుకు. అసలు మీటింగ్‌లో టెన్షన్ పోలేదు గానీ మెయిల్ మాత్రం పంపా.

మీటప్‌ల విషయానికొస్తే, మాదాపూర్ వైపు ఒక కో-వర్కింగ్ ఆఫీసులో పెడతారు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. రాయదుర్గం మెట్రో నుంచి ఆటోలో వెళ్లొచ్చు, పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఒక గది, ఒక ఆయా కూడా ఉంటారు. రాత్రి ఎనిమిదికి హోటల్లో డిన్నర్ అని పెట్టేవాళ్లు ఈ ఒక్క విషయం వీళ్ల దగ్గర నేర్చుకోవాలి. మొదటి అరగంట మాత్రం భరించలేం. మిమ్మల్ని మీరు ఏ జంతువుతో పోల్చుకుంటారు లాంటి ఆటలు. ఇంకో బాధ, వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరు ఏదో ఒకటి అమ్మడానికే వస్తారు, ఇన్సూరెన్స్, మిల్లెట్ స్నాక్స్, ఇంకో కోచింగ్ ప్రోగ్రామ్. పైగా అందరిదీ దాదాపు ఒకే స్థాయి, మనకంటే రెండు మెట్లు పైనున్నవాళ్లు రారు, వచ్చినా ప్రసంగం చేసి ఫొటో దిగి వెళ్లిపోతారు.

అయినా మూడు మార్కులు ఎందుకిచ్చానంటే, టీ టైమ్ వల్ల. అక్కడ జీతాలు మాట్లాడుకుంటారు. ఏ కంపెనీలో ఏ బ్యాండ్‌కి ఎంత, ఎక్కడ నోటీస్ పీరియడ్ మూడు నెలలు, ఏ టీమ్‌లో మేనేజర్ నాలుగింటికి బయల్దేరినా నొసలు చిట్లించడు, అన్నీ. మగవాళ్లకి ఈ సమాచారం ఊరికే దొరుకుతుంది, ఆఫీసు కింద చాయ్ బండి దగ్గర, ఆదివారం క్రికెట్ దగ్గర, శుక్రవారం రాత్రి పార్టీల్లో. వాళ్లు కావాలని మనల్ని దూరం పెట్టారని కాదు, మనం ఆరున్నర క్యాబ్ ఎక్కేస్తాం. మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే చెప్పాడు, కొత్త ఉద్యోగాల కబురు దగ్గరివాళ్ల కంటే అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువ వస్తుందని. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా మరి. 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది డేటాతో చేసిన స్టడీ కూడా దాదాపు ఇదే తేల్చింది. నేనక్కడ ఒకామెతో పది నిమిషాలు మాట్లాడి ఉంటా, తర్వాత ఆమె తన కంపెనీలో ఓపెనింగ్ ఉందని రిఫరల్ పంపింది. వెళ్లలేదు, కానీ ఆ పోస్టుకి ఎంత ఇస్తారో తెలిశాక నా మేనేజర్‌తో మాట్లాడే పద్ధతి మారింది.

వాట్సాప్ గ్రూపు మ్యూట్ చేసుకోండి. గుడ్ మార్నింగ్ పూలు, ఫార్వర్డులు. ఓపెనింగ్స్ పోస్టులు మాత్రం వెతికి చూసుకోండి.

వీడియోల గురించి ఎక్కువ రాయను. గొంతు పెంచండి, టేబుల్ దగ్గర ముందు సీటులో కూర్చోండి, అద్దం ముందు నిలబడి చేతులు నడుముకి పెట్టుకోండి. సమస్య మా ధైర్యంలో ఉందన్నట్టు మాట్లాడతారు. ఒక్క సెషన్ మాత్రం బాగుంది, మెటర్నిటీ లీవ్ మీద. మెటర్నిటీ చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చింది, 50 మంది, అంతకు మించి ఉన్న చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలంది, కానీ తిరిగొచ్చాక మన ప్రాజెక్టు ఇంకొకరి చేతిలో ఉంటే ఆ ఏడాది రేటింగ్ గతేంటి? సెలవుకి వెళ్లే ముందే ఆ మాట రాతలో తెచ్చుకోమని, వచ్చాక ఏ పని తీసుకుంటామో కూడా ముందే తేల్చుకోమని చెప్పారు. ఇది నాలుగు నెలల గర్భిణికి అవసరమయ్యే సలహా, వీళ్లు మాత్రం దాన్ని వీడియోల లిస్టులో అట్టడుగున పెట్టారు.

ఇది అందరికీ కాదు. కెరీర్ బ్రేక్ తర్వాత తిరిగి చేరాలనుకునేవాళ్లకి ఇందులో ఏమీ లేదు, వాళ్లు ఆడవాళ్ల ఉద్యోగాల వెబ్‌సైట్ హెర్‌కీ చూసుకోవడం మేలు (పాత పేరు జాబ్స్‌ఫర్‌హర్, 2015లో మొదలైంది). సొంత వ్యాపారం పెట్టాలంటే 2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం ఆడవాళ్ల స్టార్టప్‌ల కోసం మొదలుపెట్టిన వీ హబ్ ఉంది, 1993 నుంచి నడుస్తున్న మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ ఉంది, గాజులరామారంలో ఆడవాళ్ల కోసం ఏకంగా ఇండస్ట్రియల్ ఎస్టేటే కట్టిన సంస్థ అది. డబ్బు పెట్టలేనివాళ్లు ఏడీపీలిస్ట్ అనే మెంటార్ల వెబ్‌సైట్‌లో చూడండి, మెంటార్ ఖాళీగా ఉన్న టైమ్ ఎంచుకుని ఉచితంగా మాట్లాడొచ్చు, డిజైన్, ప్రొడక్ట్ వాళ్లకి బాగా పనికొస్తుంది.

రెన్యూవల్‌కి డిస్కౌంట్ మెయిల్ వచ్చింది, నేను కట్టడం లేదు. ప్రమోషన్ ఇంకా రాలేదు, ఈసారి లిస్టులో పేరు మాత్రం ఉంది, పక్క టీమ్ మేనేజర్ నా గురించి మాట్లాడాడని తెలిసింది. మెంటార్‌తో ఇప్పుడు అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడుతుంటా, దానికి మెంబర్‌షిప్ అక్కర్లేదు. మీరు చేరితే డబ్బు కట్టే ముందు మూడు సంగతులు అడగండి: మెంటార్ వేరే కంపెనీ మనిషేనా, తను ప్రమోషన్లు తేల్చే స్థాయిలో ఉందా, నచ్చకపోతే మార్చుకోవచ్చా. వీళ్ల దగ్గర మొదటి కాల్ అయిన రెండు వారాల్లోపు ఒకసారి మార్చుకోవచ్చు, ఆ లింక్ మెంబర్ పేజీలో ఉండదు, వెల్‌కమ్ మెయిల్ చివర్లో ఉంటుంది.