‘పోతాంటి’ అంటే ‘వాజ్ గోయింగ్’: కడపలో నేను చేరిన స్పోకెన్ ఇంగ్లిష్ తరగతి

కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, ఒక మందుల దుకాణం పై అంతస్తులో సాయంత్రం ఆరున్నరకు జరిగే స్పోకెన్ ఇంగ్లిష్ తరగతికి రెండు నెలలు వెళ్లాను. కట్టిన మూడు వేల రూపాయలకు న్యాయం జరిగిందని నేను నమ్మడానికి పాస్ట్ కంటిన్యూయస్, అంటే గతంలో సాగుతూ ఉన్న పనిని చెప్పే క్రియారూపం, పాఠం ఒక్కటే చాలు.

డిగ్రీ పూర్తయినా ‘యెస్టర్‌డే ఐ యామ్ గోయింగ్’ అనే తప్పు నన్ను వదల్లేదు. పుస్తకాల తెలుగులో ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాను’ అన్నా, ‘నిన్న ఇంట్లో ఉన్నాను’ అన్నా క్రియ మారదు. ‘వెళ్తూ ఉన్నాను’ కూడా రెండు కాలాలకూ చెల్లుతుంది కనుక, ‘యామ్’కూ ‘వాజ్’కూ ఉన్న తేడా మనకు తొందరగా పట్టుబడదని సార్ వివరించారు. ఆ తరువాత నన్ను లేపి, ‘నిన్న ఈ యాళకు ఏడికి పోతాంటివని అమ్మ అడిగితే ఏం చెప్తావు నాయనా?’ అని అడిగారు. ‘మార్కెట్టుకు పోతాంటి’ అన్నాను. ‘ఇప్పుడైతే?’ ‘పోతాండా.’ బోర్డు మీద ‘పోతాండా’ పక్కన ‘యామ్ గోయింగ్’, ‘పోతాంటి’ పక్కన ‘వాజ్ గోయింగ్’ రాశారు. నలుగురిలో పలకడానికి సంకోచించే మా ఇంటి మాటే ఆ రోజు నాకు దారి చూపింది. 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌లో అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ ఉద్యోగం చేసిన ఊరిలో, ఇంగ్లిష్ వ్యాకరణాన్ని ఊరి తెలుగుతోనే విప్పి చెప్పడం నాకెంతో సంతోషం కలిగించింది.

మరునాడు ఒక అబ్బాయిని గుమ్మం నుంచి బల్ల దాకా నడవమని చెప్పి, అతను సగం దూరంలో ఉండగా సార్ డస్టర్ కింద పడేశారు. ‘హి వాజ్ వాకింగ్ వెన్ ద డస్టర్ ఫెల్’ అని అందరం ఒక్కసారిగా అన్నాము. సాగుతున్న పనికి ‘వాజ్’, మధ్యలో చటుక్కున జరిగిన పనికి మామూలు భూతకాలం అన్నది ఇక మరిచిపోలేను.

లోపం లేకపోలేదు. ‘ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యు’ అంటే వెళ్లడం కాదు, ఫోన్ చేద్దామనుకున్నానని అర్థం. మా వంటివారు తరచుగా పొరబడే ఈ వాడుకను రెండు నిమిషాల్లో దాటేశారు. ముప్పై అయిదు మంది ఉన్న సాయంత్రపు తరగతిలో ఒక్కొక్కరికి మాట్లాడే వంతు రావడం కూడా కష్టమే. వీలున్నవారు పదిహేను మందికి మించని ఉదయం ఏడు గంటల తరగతిలో చేరడం మేలు.