టెడ్డీ స్టడీ: మా అబ్బాయి ఇందులో పదిహేనేళ్లు ఉన్నాడు, ఒక తల్లిగా నా రివ్యూ

కాన్పయిన ఆసుపత్రిలో "మీ పాపాయిని కొన్నేళ్ల పాటు గమనిస్తాం, మా స్టడీలో చేరతారా" అని కాగితాలు చేతిలో పెడితే ఏం చెయ్యాలని మా వాళ్లలో చాలామంది నన్ను అడుగుతుంటారు. మా అబ్బాయి 2008లో సియాటిల్‌లో పుట్టాడు. టెడ్డీలో చేరి, పదిహేనేళ్లు నిండేదాకా కొనసాగాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పిల్లలకు టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాకుండా పోయే షుగర్ జబ్బు) ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి పెట్టిన స్టడీ ఇది. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో కలిపి 4,24,788 మంది నవజాత శిశువుల జన్యువులు పరీక్షించి, రిస్క్ ఎక్కువున్నవాళ్లలో 8,676 మందిని చేర్చుకున్నారు. 2010 తర్వాత కొత్తవాళ్లను తీసుకోలేదు. కాబట్టి ఇందులో చేరమని నేను చెప్పడం లేదు. ఇలాంటి స్టడీ ఏదైనా ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతున్నాను.

పని తక్కువేం కాదు. మా వాడికి నాలుగేళ్లు వచ్చేదాకా మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి సెంటర్‌కి వెళ్లేవాళ్లం. వెళ్లినప్పుడల్లా రక్తం తీసేవాళ్లు. చిన్నప్పుడు నెలనెలా డైపర్‌లోంచి చిన్న స్పూన్‌తో మలం తీసి, డబ్బాలో పెట్టి, కొరియర్‌లో పంపేవాళ్లం. కాలిగోళ్లు కత్తిరించి ఇచ్చాం, కుళాయి నీళ్లు కూడా పట్టి ఇచ్చాం. జ్వరం వచ్చినా, మందు వేసినా, కొత్త తిండి మొదలుపెట్టినా పుస్తకంలో రాసుకోవాలి.

వీటన్నిటిలో నాకు ఎక్కువ కష్టమైంది తిండి డైరీ. మూడు రోజుల పాటు పిల్లాడు తిన్న ప్రతి ముద్దా లెక్క రాయాలి. పప్పన్నం కలిపేముందే అన్నం కప్పుతో, పప్పు చెంచాతో, నెయ్యి చిన్న చెంచాతో కొలిచేదాన్ని. తిన్నాక గిన్నెలో మిగిలింది మళ్లీ చూసి తీసేయాలి. ఉగ్గు అని రాస్తే సెంటర్‌లో అమ్మాయి వదల్లేదు. బియ్యం ఎంత, పెసరపప్పు ఎంత, వేయించి పట్టారా, నీళ్లలో ఉడికించారా పాలలోనా అని ఓపిగ్గా అడిగి రాసుకుంది. అప్పుడు తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. "ఏమే, చంటిపిల్లాడి రక్తం ఇన్నిసార్లు ఇస్తారటే? వాడికేమైనా జబ్బా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. జబ్బు లేదమ్మా, వస్తుందేమో ముందే తెలుస్తుంది అన్నాను. తర్వాత తర్వాత ఆవిడే, ఉగ్గు డబ్బా మీద పప్పు పాళ్లు రాసిన కాగితం అతికించింది.

ఇంత చాకిరీ ఎందుకంటే, జబ్బు బయటపడ్డాక అడిగితే ఏ తల్లికీ గుర్తుండదు. ఎనిమిదేళ్ల పిల్లకి షుగర్ వచ్చాక "నాలుగో నెలలో ఏం పెట్టారు, ఏ నెలలో జలుబు చేసింది" అంటే ఎవరం చెప్పగలం? పైగా ఆ జబ్బు లక్షణాలు కనపడడానికి చాలా ముందే రక్తంలో యాంటీబాడీలు (ఒళ్లు తన మీద తానే దాడి మొదలుపెట్టిందని చూపే గుర్తులు) మొదలవుతాయి. ఇన్సులిన్ మీద వచ్చే యాంటీబాడీలైతే ఏడాది, రెండేళ్ల వయసులోనే ఎక్కువగా మొదలవుతాయని ఈ పిల్లల రక్తంలోనే తేలింది. అంటే కారణం వెతకాల్సింది ఉయ్యాల రోజుల్లోనే.

ఆ డైపర్ డబ్బాలు ఎక్కడికి పోయాయో 2019లో తెలిసి నాకు చాలా సంతోషమేసింది. ఎంటెరోవైరస్‌లలో (పేగుల్లో పెరిగే వైరస్‌లు) బి రకం ఒకసారి వచ్చి పోకుండా, నెలల తరబడి మలంలో కనిపించిన పిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద యాంటీబాడీలు ఎక్కువగా వచ్చాయట. నెలనెలా శాంపిల్ లేకపోతే "తరబడి" అన్న సంగతి ఎలా తెలుస్తుంది? అదే ఏడాది ఇంకొకటి కూడా వచ్చింది: ఈ జన్యువులున్న పిల్లలు అయిదేళ్లలోపు గ్లూటెన్ (గోధుమల్లో ఉండే ప్రొటీన్) ఎక్కువ తింటే, అది పడక పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు రిస్క్ పెరుగుతోందని. మనం కొలిచి రాసిన చపాతీ ముక్కలు అలాంటి లెక్కల్లోకే వెళ్తాయి.

మనకేం ఒరుగుతుంది? మందు ఇవ్వరు, జబ్బు రాకుండా ఆపరు. కానీ యాంటీబాడీలు వస్తే చెబుతారు. ఈ స్టడీ పిల్లల్లో షుగర్ వచ్చినవాళ్లు కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికొచ్చే స్థితి) ఎమర్జెన్సీకి వెళ్లడం బయటి పిల్లలకంటే తక్కువ. నా దృష్టిలో ఆ ఒక్కటే చాలు. మా వాడికి ప్రతిసారీ నెగటివ్ వచ్చింది, అయినా రిజల్ట్ వచ్చేదాకా టెన్షన్ ఉండేది. రిస్క్ ఉందని తెలిసి రోజూ బతకడం అందరివల్లా కాదు. మా ఆయన మాత్రం తెలియకపోవడం కంటే ఇదే నయం అనేవారు.

సెంటర్‌లో మనుషుల గురించి చెప్పాలి. సూది గుచ్చే ముందు చర్మం మొద్దుబారే క్రీమ్ రాసి, అది పనిచేసేదాకా ఆగేవాళ్లు. వాడు పెద్దయ్యాక నాతో కాకుండా వాడితోనే మాట్లాడి, "ఈ రోజు ఇస్తావా, వద్దా" అని అడిగేవాళ్లు. పదమూడో ఏట ఒకసారి వద్దన్నాడు. సరేనని పంపేశారు, మళ్లీసారి వాడంతట వాడే ఇచ్చాడు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తగ్గించింది పని భారానికి. రెండేళ్లలో ఇండియా వెళ్లిపోదామనుకునేవాళ్లు, ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేస్తూ ఇంట్లో పెద్దవాళ్ల సాయం లేనివాళ్లు బాగా ఆలోచించుకుని చేరండి. సంతకం పెట్టేముందు మూడు సంగతులు అడగండి: రిజల్ట్ మనకి చెబుతారా, శాంపిల్స్ ఎన్నాళ్లు ఉంచుకుని దేనికి వాడతారు, మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చినవి ఏం చేస్తారు. మాకు ఈ మూడూ మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పారు.