తిన్యానెల్లో: పులుపూ వగరూ కుదిరిన రెడ్ వైన్

ఇటలీలోని టస్కనీలో, కియాంతి క్లాసికో కొండల మీద ఆంటినోరి కుటుంబం చేసే రెడ్ బ్లెండ్, అంటే కొన్ని రకాల ద్రాక్షలు కలిపి చేసే రెడ్ వైన్ ఇది. దాదాపు 80 శాతం సాంజోవేసే ద్రాక్ష, 15 శాతం కాబెర్నే సోవిన్యో, మిగతాది కాబెర్నే ఫ్రాంక్. సాంజోవేసేలో పులుపు ఎక్కువ, రంగు పలచన. ఆ లోటు తీర్చి ముదురు రంగు, నల్లపండ్ల వాసన, గట్టి వగరు ఇచ్చేది కాబెర్నే. దాని వాటా ఇంతకు మించితే టస్కనీ జాడ మరుగున పడిపోతుంది. మా దృష్టిలో ఈ వైన్ గొప్పతనమంతా ఆ పాళ్లలోనే ఉంది.

అప్పట్లో ఆ ప్రాంతపు వైన్ కియాంతి అన్న పేరు పెట్టుకోవాలంటే తెల్ల ద్రాక్ష కూడా కలపాలని నిబంధన. 1971 పంట నుంచి ఆంటినోరి వాళ్లు ఆ పేరే వదులుకుని, మామూలు టేబుల్ వైన్ లేబుల్‌తో దీన్ని తెచ్చారు. 1975 నాటికి తెల్ల ద్రాక్ష పూర్తిగా మానేశారు. పంట బాగాలేని ఏడాది అసలు తియ్యరు. 1984, 1992, 2002ల్లో తియ్యలేదు కాబట్టి ఆ సంవత్సరాల లేబుల్‌తో సీసా కనిపిస్తే కొనకండి.

ఖరీదైన ఈ వైన్ రుచి చెడేది ఎక్కువగా వేడి వల్లే. 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య తాగాలి. 20 దాటితే ముక్కుకు ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ అందదు. గది వెచ్చగా ఉంటే ముందు సీసాను ఒక అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోయి వగరు మాత్రం పైకి తేలుతుంది.

ఐదారేళ్ల లోపు సీసా అయితే డికాంటర్‌లో (వెడల్పాటి గాజు కూజాలో) పోసి గంట నుంచి రెండు గంటలు గాలి తగలనివ్వాలి. పదిహేనేళ్లు దాటినదాన్ని అంతసేపు వదిలితే ఉన్న వాసన కాస్తా ఎగిరిపోతుంది. పాత సీసాను ముందురోజే నిలబెట్టి, మడ్డి అడుక్కి దిగాక, లోపలి మడ్డి కనిపించేలా మెడ కింద దీపం పెట్టుకుని డికాంటర్‌లోకి మెల్లగా వంచాలి. మడ్డి గీతలాగా మెడ దాకా రాగానే ఆపెయ్యాలి.

గ్లాసులో మూడో వంతుకు మించి పొయ్యొద్దు. మొదట తిప్పకుండా వాసన చూడండి, తర్వాత తిప్పి చూడండి. మొదటిసారి పుల్ల చెర్రీ, రెండోసారి పొగాకు, తోలు, ఓక్ పీపా నుంచి వచ్చిన వనిల్లా. ఒక గుక్క ఐదారు సెకన్లు నోట్లో తిప్పి మింగాక, దవడల దగ్గర నీళ్లూరితే అది పులుపు. చిక్కటి టీ డికాక్షన్ తాగినట్టు చిగుళ్లు పట్టేస్తే అది వగరు. చాలా రెడ్ వైన్లలో ఈ రెంటిలో ఒకటి రెండోదాన్ని తొక్కేస్తుంది. ఇందులో వగరు నోరు ఆరబెడుతుండగానే పులుపు మళ్లీ తడి చేస్తుంది, అందుకే రెండో గుక్క కోసం చెయ్యి దానంతటదే గ్లాసు వైపు పోతుంది. లేత సీసాల్లో మాత్రం ఓక్ వాసన కాస్త ముందుకు తోసుకొస్తుంది. అది సర్దుకోవడానికే గాలి.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడినట్టు. ఎంత గాలి పెట్టినా అది పోదు, సీసా వెనక్కి ఇచ్చెయ్యాలి. కార్క్ మెడ పైకి ఉబికి, ఉడికించిన పండ్ల వాసన వస్తే రవాణాలోనో నిల్వలోనో వేడి దెబ్బ తగిలినట్టు.

తోడుగా ఫ్లోరెన్స్ పద్ధతిలో నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసమో, బాగా మాగిన పెకొరీనో అనే గొర్రెపాల చీజో బాగుంటుంది. మాంసంలోని ప్రొటీన్‌కు అతుక్కుని వగరు మెత్తబడుతుంది. కారం దట్టించిన వంటతో మాత్రం వద్దు, ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది. 750 మిల్లీలీటర్ల సీసా 150 చొప్పున ఐదు గ్లాసులొస్తుంది. మిగిలితే గట్టిగా కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో ముగించండి.