పాట పాడే పాటీ సీటు వద్దు, గిన్నె ఊడొచ్చేది చాలు

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ప్లాస్టిక్ సామాన్ల షాపుల్లో పసిపిల్లలు దొడ్డికి కూర్చునే పాటీ సీటు అడిగితే ముందు చేతికిచ్చేది కారు బొమ్మలా ఉండి, మీట నొక్కితే పాట పాడేది. ముచ్చటగానే ఉంటుంది, కొనకండి. పిల్లలు దాని మీద అరగంట ఆడుకుంటారు గానీ వచ్చిన పని కానివ్వరు. పెద్ద చిక్కు అడుగునుండే బటన్ బ్యాటరీతో. మూతకి స్క్రూ లేకపోతే గోటితోనే ఊడొస్తుంది. మింగితే గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు.

కమోడ్ మీద పెట్టే రింగుకి ఇండియన్ బేసిన్ ఉన్న ఇంట్లో పనే లేదు. వెస్టర్న్ ఉన్నా కాళ్లు వేలాడతాయి, పాదాలు ఆనకపోతే పిల్లలు ముక్కలేరు. కింద స్టూలు వేస్తే తడి టైల్స్ మీద జారుతుంది.

మిగిలింది గిన్నె పైకి తీసే మామూలు కుర్చీ. షాపులోనే పిల్లల్ని కూర్చోబెట్టి చూడండి. రెండు మడమలూ నేలకి ఆనాలి, మోకాళ్లు నడుము కంటే కాస్త ఎత్తులో ఉండాలి. గిన్నె అంచు చుట్టూ వేలు పోనివ్వండి, గరుకు తగిలితే ఇంకోటి తీయించండి. వెనక నుంచి సొరుగులా లాగే రకంలో ఉచ్చ సందుల్లోకి దిగి, ఎంత కడిగినా కంపు వదలదు. మగపిల్లలకి ముందు అడ్డు ఎత్తుగా కావాలి, కానీ కూర్చునేటప్పుడు గీరుకోకూడదు. అడుగున రబ్బరు బుడిపెలు నాలుగూ ఉండాలి. కుర్చీ మరీ తేలికైతే లేచేటప్పుడు పిర్రలకి అంటుకుని తనూ లేస్తుంది, ఆ తర్వాత నేల కడగడం మీ వంతు. చాప మీద కాకుండా గచ్చు మీద, గోడకి ఆనించి పెట్టండి.

రెండేళ్లు అటూఇటూగా, పగలు రెండు గంటలు చెడ్డీ పొడిగా ఉంటోందంటే మొదలుపెట్టొచ్చు. తిన్న పావుగంటకి కూర్చోబెట్టండి, కడుపు నిండితే పేగులు కదులుతాయి. ఐదు నిమిషాలు చాలు. గట్టిగా అవుతుంటే ముందు ఆ సంగతి చూడాలి. ఒకసారి నొప్పి పుట్టిందంటే కుర్చీ చూస్తేనే ఏడుపు.

ఈ కుర్చీకి మార్కులు వేసేది అసలు ఇందుకు: బాత్రూంలోకి వెళ్లనవసరం లేకుండా పని హాల్లోనే అయిపోతుంది. మన బాత్రూముల్లో ఏముంటాయి? నీళ్ల గోలెం, నిండు బకెట్టు, కూల్‌డ్రింకు సీసాలో పోసుకున్న యాసిడ్. తలకిందులుగా పడ్డ పసివాడికి రెండంగుళాల నీళ్లు చాలు ప్రాణం పోవడానికి. బకెట్టు వాడగానే బోర్లించండి, గోలెం మీద బరువైన మూత పెట్టండి. యాసిడ్ దాని డబ్బాలోనే, పై అరలో ఉండాలి. గిన్నె కడగడానికి యాసిడూ బ్లీచింగూ కలిపారంటే క్లోరిన్ పుడుతుంది. సబ్బునీళ్లు, ఎండ చాలు.

కుర్చీలో ఒక్క లోపం ఉంది, అదీ అలవాటు కుదిరాకే బయటపడుతుంది. గిన్నె తామే ఎత్తుకుని, పారబోస్తామంటూ బాత్రూం వైపు పరుగెడతారు. తలుపుకి బయట, పెద్దవాళ్ల భుజం ఎత్తున గడియ బిగించండి. లోపల పిల్లలకి అందే గడియ ఉంటే ఊడదీయించండి.