పాత పోర్షన్ల బిల్డింగ్‌కి చెకింగ్: 8 వేలు దండగ కాదు

గుంటూరు బ్రాడీపేటలో ఆరు పోర్షన్ల పాత బిల్డింగ్ ఒకటి బేరానికొచ్చింది. బయానా ఇవ్వకముందే ఒక ఇంజనీరు గారికి చూపించాం. కొనబోయే ఇళ్లు పరీక్షించి రిపోర్టు ఇవ్వడమే ఆయన పని. ఫీజు 8 వేలు. "గోడలు చూడ్డానికి అంతా?" అని మా వారు గొణిగారు.

ఇంజనీరు గారు గోడల జోలికే పోలేదు. డాబా మీద నీళ్లు నిలిచిన మరకలు చూసుకుని, బాత్రూముల కిందుండే పోర్షన్‌లోకి దిగారు. కొత్తగా రంగేసిన సీలింగ్‌ని సుత్తితో తడుతూ పోతే ఒకచోట డొల్లగా మోగింది. ఓనరు సరేనన్నాక గీకితే పెచ్చు ఊడింది. లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బిపోయి ఉంది. పై బాత్రూము లీకు ఆపకుండా సిమెంటు పూస్తే మళ్లీ ఊడుతుందని, ఊచ ఉబ్బేకొద్దీ కాంక్రీటు పగులుతుందని చెప్పారు.

ఒక పోర్షన్‌కి తాళం. "తాళంచెవి ఊళ్లో లేదండీ" అన్నాడు బ్రోకరు. "అది చూడందే రిపోర్టు రాయను" అని ఈయన మెట్ల మీద కూర్చున్నారు. గంటలో తాళంచెవి వచ్చింది, ఏ ఊరినుంచో మరి! తలుపు తీయగానే మురుగు కంపు. అమ్మేవాళ్లు చెప్పిన నెల అద్దెలో ఈ ఖాళీ పోర్షన్‌దీ కలిపేశారని కింద ఉండేవాళ్లను అడిగితే తేలింది.

కరెంటు దగ్గర మాత్రం పైపైన చూసి తేల్చేశారు. ఆరు పోర్షన్లకు మూడే మీటర్లున్నాయని రాసి వదిలేశారు. రెండిళ్లు ఒకే మీటరు మీద వాడితే యూనిట్లు కలిసి పై శ్లాబు రేటు (వాడకం పెరిగేకొద్దీ పెరిగే యూనిట్ రేటు) పడుతుంది, అద్దెకున్నవాళ్ల మధ్య నెలనెలా గొడవ. వైరింగ్ చూడ్డానికి విడిగా ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. అందుకే ఆయనకి ఐదుకి నాలుగు స్టార్లు.

కాగితాలు ఆయన చూడరు. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), మున్సిపల్ ప్లాను లాయరుకిచ్చాం. రెండో అంతస్తు ప్లానులో లేదు! రిజిస్ట్రేషన్‌కి ఎలాగూ 7.5 శాతం పోతుంది, ఈ తలనొప్పి కూడా ధరలోనే తగ్గించాలి. బేరం ఇంకా నడుస్తోంది.

పిలిచేవాళ్లు ఆయన్ని పొద్దున్నే రమ్మనండి. అందరూ నీళ్లు వాడే టైములో పై పోర్షన్ కొళాయి తిప్పితే ధార ఎంతో తెలిసిపోతుంది.